నెత్తి మీద తానీషా ముత్యాలు, ఒంటి మీద ఎవరి బట్ట?

శ్రీరామనవమి నాడు మధ్యాహ్నం టీవీ పెడితే ఏ ఇంట్లోనైనా ఒకటే దృశ్యం. భద్రాచలం మిథిలా స్టేడియం. జనం మధ్య నుంచి ముఖ్యమంత్రో, ఆయన తరఫున ఒక మంత్రో నడిచి వస్తుంటారు. పట్టు పంచె, పట్టు కండువా, నుదుట బొట్టు, తలకు అర్చకులు చుట్టిన పరివట్టం. నెత్తి మీద పళ్లెం. పళ్లెంలో సర్కారు తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు. 2015లో కేసీఆర్ వచ్చారు. 2024లో ఎన్నికల నియమావళి అడ్డొస్తే ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి వచ్చారు. 2025 ఏప్రిల్ 6న రేవంత్ రెడ్డి వచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలోనూ ఇదే వరస. మనుషులు మారతారు, పార్టీలు మారతాయి, పళ్లెం మారదు, పట్టు మారదు. వ్యాఖ్యానం చెప్పేవాళ్లు కూడా ఒకటే మాట అంటారు: 'సంప్రదాయ దుస్తుల్లో విచ్చేసిన...'

ఆ మాట దగ్గర నేను ఆగిపోతాను. ఏ సంప్రదాయం? ఎవరు మొదలుపెట్టిన సంప్రదాయం? ఆ పళ్లెం మొదట ఎవరింటి నుంచి బయల్దేరింది?

ముందే ఒక మాట చెప్పాలి. ఎవరి భక్తి మీదా నాకు ఫిర్యాదు లేదు. రాముడి పెళ్లి మాకు పరాయిది కాదు. మా అబ్బా ఖమ్మం కమాన్ బజారు పక్క సందులో దర్జీ. నవమి నాడు మిషను మీద రేడియో పెట్టుకుని ఉషశ్రీ వ్యాఖ్యానం వింటూ కాజాలు కుట్టేవాడు. మంగళసూత్రం ఘట్టం వచ్చేసరికి మిషను ఆపేవాడు. దుకాణంలో కూర్చున్న వాళ్లెవరికీ అది వింతగా ఉండేది కాదు. అబ్బా జుమ్మాకు పోవడమెంత మామూలో, ఇదీ అంతే మామూలు.

ఆ దుకాణంలోనే నేను నాయకుల బట్టలు దగ్గర నుంచి చూశాను. ఎన్నికలొస్తే మాకు పండుగే. అన్ని పార్టీల జుబ్బాలూ మా మిషను కిందికే వచ్చేవి. ఒకాయనకు జేబు వెడల్పుండాలి. ఇంకొకాయనకు మెడ పట్టీ నిలబడాలి. గంజి పెట్టి ఇస్త్రీ చేశాక ఏ జుబ్బా ఏ పార్టీదో మాకే తెలిసేది కాదు. అబ్బా అనేవాడు: 'నాప్ తీసేటప్పుడు అందరూ ఒకటే బేటా, తొడుక్కున్నాకే వేరే అయితరు.'

ఆ తొడుక్కోవడం గురించే ఈ వ్యాసం.

భద్రాచలం ఆనవాయితీ చెప్పే కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న గోల్కొండ సర్కారు ఉద్యోగి. పాల్వంచ పరగణాకు తాసీల్దారు. సర్కారుకు చేరాల్సిన సొమ్ముతో గుడి కట్టించాడు, కోటలో ఖైదయ్యాడు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి రశీదు పుచ్చుకున్నారు. తానీషా గోపన్నను విడిచిపెట్టాడు. అప్పటి నుంచి ఏటేటా కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఏర్పాటు చేశాడు. గోల్కొండ పోయాక నిజాములు, నిజాములు పోయాక మన ప్రభుత్వాలు ఆ ఆనవాయితీని నిలబెట్టాయంటారు.

ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది వేరే చర్చ. అబుల్ హసన్ కుతుబ్ షా 1672లో గద్దెనెక్కాడు. అక్కన్న, మాదన్నలు ఆయన మంత్రులు. 1687లో ఆయన్ని ఓడించి దౌలతాబాద్ కోటలో బందీ చేసింది ఔరంగజేబు, అంటే ఇంకో ముస్లిం పాదుషాయే. ఇంతవరకు చరిత్ర. మిగతాది జనం నమ్మకం. నేను ఆ నమ్మకాన్నే, జనం చెప్పుకున్నట్టే చదువుతున్నాను.

చదివితే ఏం కనిపిస్తుంది? పరగణా, తాసీల్దారు, ఖైదు, మొహరీ, రశీదు. రామదాసు కథ నడవాలంటే ఈ మాటలు కావాలి. ఇవన్నీ ఫారసీ దారిన మన భాషలోకి వచ్చిన మాటలు. దేవుళ్లు కూడా తానీషా ఎదుటికి వచ్చేటప్పుడు పేరు చివర 'జీ' తగిలించుకుని, సుల్తాన్ కొలువులో చెల్లే మర్యాదతో వచ్చారు. తలంబ్రాలు వేరే చోట్ల పసుపు రంగులో ఉంటాయి. భద్రాచలంలో గులాలు కలిపి ఎర్రగా ఉంటాయి. అదీ తానీషా కాలం నుంచి వచ్చిందేనని అక్కడ చెప్తారు. సుల్తాన్ పోయి మూడు వందల ఏళ్లు దాటినా, ఆ రంగు ఇంకా సీతమ్మ తల మీద పడుతూనే ఉంది.

ఈ కథలో సుల్తాన్ కంటే, గోపన్న కంటే ముందు ఇంకొకరున్నారు. పోకల దమ్మక్క. అడివిలో దేవుడి విగ్రహాలను మొదట చూసింది, తాటాకు పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టింది ఆ గిరిజన స్త్రీయేనని స్థలపురాణం చెప్తుంది. అంటే కథ ప్రకారం భద్రాచలం ముగ్గురిది. పందిరి వేసిన అడివిబిడ్డ, గుడి కట్టిన బ్రాహ్మణ తాసీల్దారు, ముత్యాలు పంపిన ముస్లిం సుల్తాన్. ముగ్గురివీ మూడు రకాల బట్టలు. ఇవాళ వేదిక మీద ఎన్ని రకాలున్నాయి? ఒకటే. మిగతా రెండూ కథలో ఉన్నాయి, వ్యాఖ్యానంలో ఉన్నాయి. 'సంప్రదాయ దుస్తులు' అన్న మాటలో మాత్రం లేవు.

ముఖ్యమంత్రి జామా తొడిగి, నడుముకు పట్కా కట్టి రావాలా అని నవ్వకండి. నేనడిగేది అది కాదు. తానీషా పంపిన కానుకలో ఒక గొప్ప సంగతి ఉంది. ఆయన తన దేవుడు కాని దేవుడికి కానుక పంపాడు. పంపడానికి తన బట్ట మార్చుకోలేదు, తన మతం దాచుకోలేదు. ఇచ్చేవాడు వేరు, పుచ్చుకునే దేవుడు వేరు. ఆ వేరు ఉండబట్టే దానికి మర్యాద అని పేరు వచ్చింది. రాజ్యం తనది కాని నమ్మకం ముందు తల వంచడం ఆ పళ్లెంలో ఉన్న అసలు అర్థం.

ఇప్పుడు అదే పళ్లెం వస్తోంది. కాని ఇచ్చేవాళ్లూ, పుచ్చుకునేవాళ్లూ ఒకే బట్టలో ఉన్నారు. రాజ్యం పక్కింటి పెళ్లికి కానుక తెచ్చినట్టు రావడం లేదు, తన ఇంటి పెళ్లికి పెద్దలా వస్తోంది. రాజ్యాంగం ప్రకారం సర్కారుకు మతం లేదు. సర్కారు కట్టుకున్న బట్టకు మాత్రం ఉంది. ముస్లిం సుల్తాన్ మొదలుపెట్టిన ఆనవాయితీలో ముస్లిం ఆనవాలు లేకుండా పోయింది. ఎవరో కుట్ర చేసి తీసేశారని నేననను. మడత విప్పి మళ్లీ మడత పెట్టేటప్పుడు ఒక పోగు రాలిపోయినట్టు రాలిపోయింది. రాలిందని ఎవరూ చూడలేదు. అదే నా బాధ.

అసలు నాయకుల 'సంప్రదాయ' బట్టను విప్పి చూడండి. పంచె మీద వేసుకునేది జుబ్బా. అది అరబ్బీ మాట. దానికుండే జేబు అరబ్బీ నుంచి వచ్చింది. కుర్తా, పైజామా, రుమాలు ఫారసీ. కుట్టే దర్జీ ఫారసీ. సన్మానంలో కప్పే శాలువా ఫారసీ. ఖద్దరు కట్టినవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. దూదేకులవాడు విల్లుతో పత్తి ఏకి ఏకులు చేస్తేనే రాట్నం తిరిగింది. మా మాటలూ, మా చేతులూ లేని 'అచ్చ తెలుగు వేషం' ఎక్కడుందో చూపించండి. మీది మాకివ్వమని అడగడం లేదు. ఇప్పటికే కలిసి ఉన్నదాన్ని మీది అనీ, మాది అనీ చింపొద్దంటున్నాం.

గోల్కొండ కాలపు చిత్రాల్లో సుల్తానుల ఒంటి మీద పల్చటి తెల్ల జామా, నడుముకు పట్కా, తలకు పాగా కనిపిస్తాయి. కొలువులో పనిచేసే హిందువుల బట్టా దాదాపు అంతే. మొఘల్ కాలంలో జామా ముడి హిందువులు ఎడమ పక్క, ముస్లింలు కుడి పక్క వేసుకునేవారు. తేడా ముడిలో ఉంది, బట్టలో లేదు. హైదరాబాద్ రాజ్యంలో షేర్వానీ కథా ఇంతే. నిజాం ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ హిందువు. ఆయన షేర్వానీని ఆ రోజుల్లో ఎవరూ తురకబట్ట అనలేదు. అది చదువుకున్నవాళ్ల బట్ట, కచేరీ బట్ట.

అయితే నిజం ఒకవైపే చెప్పకూడదు. నిజాం ముందు నిలబడాలంటే ఎవరైనా సరే తలకు దస్తార్, నడుముకు బగ్లూస్ పెట్టుకోవాల్సిందే. రాజ్యం తన బట్టను జనం మీద రుద్దడం కొత్త కాదు. అప్పుడు రుద్దింది ముస్లిం పేరున్న రాజ్యం. కాని ఆ దస్తార్ మా దూదేకుల తాతకు ఎన్నడూ దక్కలేదు. బండి తోలే సాయిబుకు, గాజులమ్మే సాయిబుకు గళ్ల లుంగీ, నెత్తిన తువ్వాలే. దర్బారు బట్ట తొడుక్కున్నవాళ్లు వేరు, 1948 సెప్టెంబర్ తర్వాత దానికి శిక్ష పడ్డవాళ్లు వేరు. పోలీసు చర్య మీద విచారించిన సుందర్‌లాల్ కమిటీ రాజ్యం మొత్తంలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయంది. ఆ రోజుల్లో టోపీ తీసి దాచుకోవడం ప్రాణం దాచుకోవడమే. ఆ భయం మా ఇళ్లల్లో బట్టల పెట్టె అడుగున ఇంకా ఉంది.

ఇక మన కాలపు నాయకుల దగ్గరికి వద్దాం. ఎన్.టి. రామారావు 1982-83 ప్రచారంలో ఖాకీ వేశారు, ముఖ్యమంత్రి అయ్యాక కాషాయం కట్టారు. పి.వి. నరసింహారావు తెల్ల పంచె, కండువాతో ఢిల్లీలో తెలుగుతనాన్ని చూపించారు. వై.ఎస్. రాజశేఖర రెడ్డి 2003లో చేవెళ్ల నుంచి పాదయాత్ర మొదలుపెట్టినప్పుడు తెల్ల పంచెతో రైతులా నడిచారు. ఆయన క్రైస్తవుడు, అయినా ఆ పంచె ఆయనకు ఎక్కడా అడ్డు కాలేదు. మన లౌకికవాద మిత్రులు అప్పట్లో ఎన్టీఆర్ కాషాయం చూసి భయపడ్డారు. బాబ్రీ మసీదు కూలిన 1992 డిసెంబర్ 6న ప్రధాని కుర్చీలో ఉన్నది మాత్రం తెల్ల పంచె. ఉర్దూ, ఫారసీ తెలిసిన మన తెలంగాణ పంచె. బట్ట రంగు చూసి నమ్మకం పెట్టుకోవద్దని మాకు ఆ రోజు తెలిసింది. బట్టను చదవడమంటే రంగు చూడటం కాదు, ఆ బట్టలో ఉన్న మనిషి ఏ కాగితం మీద సంతకం పెట్టాడో, దేని మీద పెట్టలేదో చూడటం.

అదే కొలతతో రంజాన్ టోపీని చూడండి. ఇఫ్తార్ సాయంత్రం ఎల్.బి. స్టేడియంలో నాయకుల తలల మీద తెల్ల టోపీలు, మెడలో గళ్ల రుమాళ్లు కనిపిస్తాయి. ఖర్జూరం నోట్లో పెట్టుకునే ఫోటో మర్నాడు పేపర్లో వస్తుంది. 2015 నుంచి తెలంగాణ సర్కారు రంజాన్‌కు పేద ముస్లింలకు బట్టలు కూడా పంచింది. చీర, సల్వార్ గుడ్డ, కుర్తా పైజామా. పేదింట్లో కొత్త బట్ట వస్తే సంతోషమే, దాన్ని నేను చిన్నబుచ్చను. కాని 12 శాతం రిజర్వేషన్ మాటేమైంది? 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది, ఢిల్లీకి పంపింది. అది చట్టం కాలేదు. ఆ తర్వాతి ప్రభుత్వం సంగతి? 2023 డిసెంబర్‌లో ఏర్పడ్డ మంత్రివర్గంలో 2025 అక్టోబర్ 31న అజారుద్దీన్ ప్రమాణం చేసేదాకా ఒక్క ముస్లిం లేడు. ఇఫ్తార్లు మాత్రం ఆగలేదు. టోపీకి సభలో చోటుంది, టోపీ కింద ఉండే తలకు మంత్రివర్గంలో చోటు కోసం దాదాపు రెండేళ్లు పట్టింది.

అడివి వైపు వెళ్తే టోపీ బదులు కొమ్ములు. కోయల కొమ్ము నృత్యంలో డోలు కొట్టేవాళ్లు తలకు అడవిదున్న కొమ్ముల పాగా పెట్టుకుంటారు. అది వాళ్ల పెళ్లి, వాళ్ల పండుగ, వాళ్ల పూర్వీకుల గుర్తు. సభకొచ్చిన నాయకుడి తల మీద దాన్ని పెట్టి, చేతికి డోలు ఇస్తారు. నాయకుడు రెండు దెబ్బలు కొడతాడు, కెమెరాలు మెరుస్తాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం చుట్టూ ఉన్న ఏడు మండలాలను రాత్రికి రాత్రి రాష్ట్రం మార్చినప్పుడు, కూనవరం, చింతూరు, వేలేరుపాడు కోయలను, కొండరెడ్లను ఎవరడిగారు? కొమ్ముల పాగా పెట్టుకుని ఫోటో దిగినవాళ్లలో ఎందరు అడ్డం నిలబడ్డారు? మణుగూరు ప్రాంతపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. సమ్మక్క సారలమ్మల కథను గొంతులో దాచుకున్న మనిషి ఆయన. ఆ డోలు ఆయన బతుకు, నాయకుడికి అది రెండు దెబ్బల ముచ్చట.

ఇదే జిల్లా రాజకీయాల్లో ఇంకో దారీ ఉంది. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య కోయబిడ్డ. సాదాసీదా బట్టలతో, సైకిల్ మీద, బస్సుల్లో తిరిగిన ఎమ్మెల్యేగా అందరికీ గుర్తు. ఖమ్మం జిల్లా నుంచి పలుమార్లు శాసనసభకు వెళ్లిన కమ్యూనిస్టు నాయకుడు మహమ్మద్ రజబ్ అలీకి ఓట్లేసింది ఎక్కువమంది ముస్లిమేతరులే. వాళ్లు ఆయన్ని గెలిపించింది భూమి కోసం, కూలి కోసం. జనంతో సంబంధం ఉన్నవాడికి జనం వేషం వేయాల్సిన అవసరం పడదు.

నాయకుడికి బట్ట మార్చుకునే హక్కుంది. నవమికి పట్టు పంచె, రంజాన్‌కు టోపీ, అడివిలో కొమ్ములు. ఏ బట్టా ఆయన మీద అనుమానం తేదు. మాకు? 2019 డిసెంబర్ 15న దుమ్కా సభలో సాక్షాత్తు ప్రధానమంత్రి, మంటలు పెట్టేవాళ్లెవరో వాళ్ల బట్టలు చూస్తేనే తెలుస్తుందన్నారు. అదే నాయకుడు 2011 సెప్టెంబర్‌లో, గుజరాత్ ముఖ్యమంత్రిగా అహ్మదాబాద్‌లో సద్భావన దీక్షలో కూర్చున్నప్పుడు, ఒక ఇమామ్ టోపీ పెట్టబోతే వద్దన్నారు. శాలువా కప్పితే కప్పించుకున్నారు. టోపీ వద్దనడం నేరమని నేననను. తనకు ఇష్టం లేని గుడ్డ తల మీద పెట్టుకోనని చెప్పే హక్కు ఆయనకుంది. ఆ హక్కు పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మరి తనకు ఇష్టమైన గుడ్డ తల మీద నుంచి తీయనని చెప్పే హక్కు ఉడుపిలో కాలేజీకి పోయే పిల్లకు ఎందుకు లేకుండా పోయింది? 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక సర్కారు ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. ఆ నెలల్లో పిల్లల పరీక్షలు పోయాయి. ఒక ముఖ్యమంత్రి కాషాయ వస్త్రాలతో సచివాలయంలో కూర్చుంటే సంప్రదాయం. ఒక ఆడపిల్ల దుపట్టాతో బెంచీ మీద కూర్చుంటే క్రమశిక్షణ తప్పడం. ఒకే దేశంలో బట్టకు రెండు చట్టాలా?

పోయినేడు ఖమ్మం నుంచి భద్రాచలం బస్సులో పోతున్నాను. పక్క సీట్లో మా అక్క కొడుకు. జుమ్మా చదివి అట్లే బస్సెక్కాడు, తల మీద టోపీ ఉంది. పాల్వంచ దాటి అడివి మొదలైంది. ముందు ఎక్కడో బండ్లు ఆపుతున్నారని ఎవరో అన్నారు. వాడు కిటికీలోంచి చూస్తూనే టోపీ తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకున్నాడు. వాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే తీసేశాడు. నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. సారపాక దగ్గర గోదావరి బ్రిడ్జి ఎక్కేసరికి బస్సులో సగంమంది నది వైపు దండం పెట్టారు. వాడి చెయ్యి జేబు మీదే ఉంది. ఆ జేబులో టోపీ ఉన్నంతకాలం ఇఫ్తార్‌లో నాయకుడి తల మీది టోపీ నాకు గౌరవంగా కనిపించదు.

మా ఇల్లు కూడా సర్దుకోవాలి. తెలుగు ముస్లిం అంటే ఎవరని అడిగితే టీవీ వెంటనే షేర్వానీని చూపిస్తుంది. ఖమ్మం పల్లెల్లో షేర్వానీ ఎందరికుంది? పెళ్లికొడుక్కి ఒక పూట కిరాయికి తెస్తాం. హైదరాబాద్ షరీఫుల బట్ట మా అందరి బట్టగా, వాళ్ల ఉర్దూ మా అందరి భాషగా చెలామణి అయిపోయింది. దూదేకుల, ఫకీరు, కసాయి, లారీ డ్రైవరు, మెకానిక్కు ఆ బొమ్మలో లేరు. మా నాయకులు కూడా షేర్వానీ గుండీలు పెట్టుకుని మా తరఫున మాట్లాడి, ఇంటికి పోయి గుండీలు విప్పుకున్నారు. పెట్టుకున్నప్పుడు మా కష్టం చెప్పారు, విప్పుకున్నాక మర్చిపోయారు. వాళ్లకూ పట్టు పంచె నాయకులకూ నాకు తేడా కనపడదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా బాధ. మా అమ్మ జీవితమంతా చీరే కట్టింది. మెడలో నల్లపూసల లచ్చ, చేతులకు గాజులు, తల మీదికి కొంగు. చీర కట్టుకునే నమాజు చదివింది, రోజాలున్నది. పీర్ల పండుగకు ఆమెతోపాటు మా వీధి పద్మశాలి ఆడవాళ్లు కూడా పీర్లకు దట్టీలు కట్టేవాళ్లు. ఇప్పుడు మా వాళ్లే కొందరు ఆ చీర మనది కాదంటున్నారు. లచ్చ బిద్అత్ అంటున్నారు, దట్టీ షిర్క్ అంటున్నారు. అవతలివాళ్లు మమ్మల్ని పరాయి బట్ట అంటున్న కాలంలోనే ఇవతలివాళ్లు మా అమ్మ బట్టను పరాయిది చేస్తున్నారు. ఇద్దరూ కలిసి ఒకే పని చేస్తున్నారు. బురఖా వేసుకుంటానన్న పిల్ల హక్కు కోసం నేను నిలబడతాను. చీరతో నమాజు చదువుతానన్న మా అమ్మ హక్కు కోసమూ అంతే నిలబడతాను. ఈ రెండింటిలో ఒకటే కావాలనేవాళ్లకు బట్ట మీద మమకారం ఉందేమో, మనిషి మీద లేదు.

కాబట్టి బట్ట ప్రయాణం ఎప్పుడూ ఒకవైపే సాగలేదు. సుల్తాన్ ఇంటి నుంచి రాముడికి ముత్యాలు పోయాయి. హిందువుల ఇళ్ల నుంచి పీర్లకు దట్టీలు వచ్చాయి. జాన్‌పహాడ్ దర్గాకు చాదర్ నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లలో సగంమంది పేర్లు సైదులు అయినా ఇంటిపేర్లు చూస్తే హిందువులవే. నెత్తి మీద చాదర్ పళ్లెం, నెత్తి మీద పట్టువస్త్రాల పళ్లెం, మోసే తీరు ఒకటే. తనది కాని గడప దగ్గర తలవంచడానికి మన జనం ఎన్నడూ బట్టలు మార్చుకోలేదు. ఉన్న బట్టలతోనే పోయారు. రాజకీయాలకే వేషం కావాల్సి వచ్చింది.

చివరగా ఒక ప్రశ్న అడుగుతాను. వచ్చే నవమికి ఒక ముస్లిం మంత్రి సర్కారు తరఫున ఆ పళ్లెం మోసుకుని మిథిలా స్టేడియంలోకి వచ్చాడనుకోండి. పట్టు పంచెలో కాదు, తన షేర్వానీలో, తన టోపీతో. లేదా దమ్మక్క వారసురాలు ఒక కోయ స్త్రీ తన చీరకట్టులో, తాటాకు బుట్టలో మోసుకొచ్చిందనుకోండి. అప్పుడు వ్యాఖ్యానం చెప్పేవాళ్లు 'సంప్రదాయ దుస్తుల్లో' అంటారా? సభలో కూర్చున్న భక్తులు చప్పట్లు కొడతారా, లేచి నిలబడి అడ్డుకుంటారా? మర్నాడు మా మసీదు గడప దగ్గర ఆ మంత్రిని మా పెద్దలు సలాం చెప్పి పలకరిస్తారా, మొహం తిప్పుకుంటారా?

ఆ పళ్లెం మొదటిసారి బయల్దేరింది అలాగే కదా. గోల్కొండ నుంచి, ఒక ముస్లిం ఇంటి నుంచి, బట్ట మార్చుకోకుండా. కథ అందరూ నమ్ముతున్నారు. ఆ కథ మన కళ్ల ముందు ఇంకొక్కసారి జరిగితే భరించగలమా అన్నదే నాకు తేలాలి. మా అక్క కొడుకు ఆ బస్సులో టోపీ తీయకుండా బ్రిడ్జి దాటగలిగేది కూడా ఆ రోజునే.